28 ఏళ్ల ఇంటి అప్పు, వంటింటి లెక్క: నిజాంపేటలో ఒక కుటుంబం కేస్ స్టడీ

ఇంటి అప్పులు, ఖర్చుల మీద సలహాలిచ్చే నా దగ్గరికి 2023 జూన్‌లో హైదరాబాద్‌లోని నిజాంపేట నుంచి ఒక దంపతులు వచ్చారు. ఆయన వయసు 36, జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. ఆవిడ మూసాపేటలో ఒక ప్రైవేటు పాఠశాలలో టీచరు. ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి వారితోనే ఉంటారు. ఇద్దరి చేతికందే జీతాలు కలిపి నెలకు 1,04,000 రూపాయలు. ఆయన లోన్ స్టేట్‌మెంట్ బల్ల మీద పెట్టి, "రెండేళ్లలో ఒక్క ఈఎంఐ కూడా ఆపలేదు సార్. ఇరవై ఏళ్లకని తీసుకున్న లోన్‌కి ఇంకా ఇరవై ఎనిమిదేళ్లు కట్టాలంటున్నరు" అన్నారు. వారిని గుర్తుపట్టగల వివరాలు తీసేసి, అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టుగా ఈ కేసును నమోదు చేస్తున్నాను.

వారు 2021 ఏప్రిల్‌లో 7 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుతో 35 లక్షల రూపాయలు తీసుకున్నారు. ఈఎంఐ 27,136 రూపాయలు. ఆ వడ్డీ రెపో రేటుతో (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీతో) ముడిపడినది, అంటే అప్పటి రెపో 4 శాతం మీద బ్యాంకు తన 3 శాతం కలుపుకుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రిజర్వ్ బ్యాంకు రెపోను దఫదఫాలుగా 6.5 శాతానికి పెంచుతూ పోయేసరికి వీరి వడ్డీ 9.5 శాతానికి చేరింది. అప్పటికి మిగిలిన అసలు 33,70,000. దాని మీద నెల వడ్డీయే 26,679 రూపాయలు కాబట్టి పాత ఈఎంఐతో అసలుకు నెలకు ఐదు వందలైనా చేరవు. అందువల్ల బ్యాంకు ఈఎంఐని 28,709కి పెంచి, మొత్తం గడువును తన నిబంధనలు ఒప్పుకునే చివరి అంచుకు, ముప్పై ఏళ్లకు, జరిపేసింది. ఈ మార్పు గురించి ఒక ఎస్సెమ్మెస్ వచ్చిందట. ఆయన దాన్ని ప్రకటన అనుకుని తెరవలేదు.

స్టేట్‌మెంట్‌లో జూన్ నెల వరుస కింద పెన్నుతో గీత గీసి వారికి చూపించాను. కట్టింది 28,709, అందులో వడ్డీకి పోయింది 26,679, అసలుకు చేరింది 2,030. ఇదే తీరుగా సాగితే 336 నెలల్లో మొత్తం 96,46,000 రూపాయలు కట్టాలి, చివరి వాయిదా నాటికి ఆయనకు 64 ఏళ్లు వస్తాయి. ఆయన కంపెనీలో పదవీ విరమణ వయసు 58. ఆవిడ ఆ 2,030 అంకెను చాలాసేపు చూసి, "ఇది మా వారం రోజుల బయటి తిండి ఖర్చు" అన్నారు. తరువాత మేము చేసిన పనికంతటికీ మూలం ఆ మాటే. ఈఎంఐలో అసలు వాటా ఇంత సన్నగా ఉన్న దశలో, ఇంటి ఖర్చుల్లో మిగిల్చిన రెండు వేలు నేరుగా అసలుకు చేరితే అసలు తీరే వేగం రెట్టింపవుతుంది. అప్పు చివరి దశకు వచ్చాక అదే రెండు వేలు కట్టినా తేడా పెద్దగా తెలియదు.

ఈ డబ్బును అప్పుకు కట్టే బదులు సిప్‌లో, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో, పెట్టవచ్చు కదా అన్న ప్రశ్న ప్రతి కేసులోనూ వస్తుంది. నెలాఖరుకు ఏమీ మిగలని ఇంటికి, క్రెడిట్ కార్డు బిల్లు అప్పుడప్పుడు వెనకబడే ఇంటికి, 9.5 శాతం వడ్డీ ఆదా అనేది పన్ను లేని, నష్టభయం లేని రాబడి. షేర్ల రాబడి అంతకన్నా ఎక్కువ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. పన్ను రాయితీ కోసమైనా అప్పు ఉంచుకోవాలన్న వాదన వీరికి వర్తించదు, ఎందుకంటే ఆయన కొత్త పన్ను విధానంలోకి మారారు, అందులో సొంతంగా నివసించే ఇంటి రుణ వడ్డీకి మినహాయింపు లేదు. పాత విధానంలోనైనా ఆ మినహాయింపు 2 లక్షల దగ్గర ఆగిపోతుంది, వీరు కడుతున్న వడ్డీ ఏడాదికి 3 లక్షలు దాటింది.

ముందు వడ్డీ రేటు

ఖర్చుల పుస్తకం తెరవకముందే వారిని బ్యాంకుకు పంపాను. అదే బ్యాంకు ఆ రోజుల్లో మంచి సిబిల్ స్కోరున్న (అంటే అప్పులు సరిగ్గా తీర్చిన రికార్డున్న) కొత్త ఖాతాదారులకు వీరికన్నా తక్కువ వడ్డీకి రుణాలిస్తోంది. పాతవారు అడగకపోతే, రెపో మీద బ్యాంకు కలుపుకునే మార్జిన్ వారికి దానంతటది తగ్గదు. లోన్ మరో బ్యాంకుకు మార్చుకునే ఆలోచనలో ఉన్నామని తెలిపే లేఖ, ఆరు నెలల జీతం స్లిప్పులు, సిబిల్ నివేదిక పట్టుకుని ఆయన రెండుసార్లు బ్రాంచికి వెళ్లారు. జీఎస్టీతో కలిపి 5,900 రూపాయల రుసుముతో మార్జిన్ 3 శాతం నుంచి 2.35 శాతానికి దిగింది. అంటే వడ్డీ 8.85 శాతం.

అసలు విషయం ఆ తరువాతిది. రేటు తగ్గినందున ఈఎంఐని 27,164కు తగ్గిస్తామని బ్యాంకు సిబ్బంది ప్రతిపాదించారు. నెలకు 1,545 రూపాయలు మిగులుతుందంటే ఎవరికైనా ఒప్పుకోవాలనిపిస్తుంది. అలా కాకుండా ఈఎంఐ 28,709గానే ఉంచి గడువు తగ్గించమని రాతపూర్వకంగా అడిగించాను. మిగిలిన 332 నెలలు 271కి దిగాయి. ఐదేళ్లకు పైగా కాలం, దాదాపు 17 లక్షల రూపాయల వడ్డీ తగ్గింది, అదీ ఇంట్లో ఒక్క ఖర్చు కూడా తగ్గించుకోకుండా. అదే ఏడాది ఆగస్టు 18న, వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పొడిగించుకోవాలా, రెండూ కలిపి చేయాలా, కొంత అసలు ముందే కట్టాలా అన్నది ఎంచుకునే అవకాశం రుణగ్రహీతకు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. పాత రుణాలకు కూడా 2023 డిసెంబరు 31లోగా అమలు చేయమంది. ఆ అవకాశం ఉందని తెలిసి అడిగేవారు మాత్రం నాకు అరుదుగా కనిపిస్తారు.

నేను చేసిన తప్పు

ఇక ఖర్చుల సంగతి. మూడు నెలల యూపీఐ చెల్లింపులు, కార్డు బిల్లులు, ఆవిడ రాసుకున్న పాల పుస్తకం అన్నీ ముందు పెట్టుకుని చూస్తే నెలకు సరుకులు, కూరగాయలు, పాలు, మాంసం కలిపి 19,400, బయటి తిండి 8,600, రాకపోకలు 7,300, కరెంటు, గ్యాస్, ఫోన్లు, ఇంటర్నెట్, ఓటీటీలు 5,200 తేలాయి. మిగిలింది ఈఎంఐ, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, స్కూలు ఫీజులు, అత్తగారి మందులు, బీమా, బట్టలు, పెళ్లి పేరంటాలు, నెలకు 5,000 రూపాయల చీటీ. వచ్చినదంతా పోతోంది.

జూలై నుంచి నెలకు 18,000 రూపాయలు మిగిల్చేలా నేనే ఒక ప్రణాళిక రాసిచ్చాను. ఆన్‌లైన్ ఆర్డర్లు పూర్తిగా బంద్, ఆదివారం మటన్ నెలకు ఒక్కసారి, ఆయన రోజూ రెండుసార్లు తాగే ఇరానీ చాయ్ కూడా బంద్. కాగితం మీద అది చాలా అందంగా కనిపించింది. మొదటి నెల 16,000 మిగిలింది. రెండో నెల ఏమీ మిగల్లేదు. ఆ ఏడాది ఆషాఢం వెంటనే అధిక శ్రావణం వచ్చి, శుభకార్యాలన్నీ ఆగస్టు 17న మొదలైన నిజ శ్రావణంలోకి కుప్పగా పడ్డాయి. దగ్గరి బంధువుల్లో మూడు పెళ్లిళ్లు, ఒక గృహప్రవేశం, వరలక్ష్మీ వ్రతం. చదివింపులు, చీరలు, ప్రయాణాలు కలిపి 23,000 అయ్యాయి. పంచాంగం చూడకుండా తెలుగు ఇంటికి బడ్జెట్ రాసిన పొరపాటు పూర్తిగా నాదే.

సెప్టెంబరులో వచ్చినప్పుడు ఆయన మాట్లాడలేదు, ఆవిడే మాట్లాడారు. "సార్, ఆర్డర్లు బంద్ చెయ్యమని రాసిచ్చిన్రు, మంచిదే. సాయంత్రం ఇంటికొచ్చినంక వంటింట్లోకి పొయ్యేది ఎవరో గూడ రాసియ్యండి" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. బయటి తిండిలో 8,600 మిగిల్చడమంటే ఆ ఇంట్లో నెలకు ఇరవై సాయంత్రాల వంట అదనంగా ఒకే మనిషి మీద పడడమని నా పట్టికలో ఎక్కడా లేదు. ఆ రోజు నుంచి నేను ఏ ఇంటికి ఖర్చు తగ్గింపు రాసినా, ఆ తగ్గింపు వల్ల పెరిగే పని ఎవరిదో పక్క గడిలో రాస్తున్నాను.

రెండో ప్రణాళిక

రెండోసారి లక్ష్యం సగానికి తగ్గించి, అక్టోబరు నుంచి నెలకు 9,000 అన్నాం. పండగలు, పెళ్లిళ్లు, జూన్ నెల పుస్తకాలు, యూనిఫారాలు వంటివాటికి ఏడాది మొత్తానికి ఎంత అవుతుందో ముందే లెక్కవేసి, నెలకు 5,500 చొప్పున వేరే ఖాతాలో పడేలా చేశాం. ఆ డబ్బు మిగులు కాదని, ఖర్చయ్యే తీరుతుందని ముందే ఒప్పుకున్నాం. చాయ్ జోలికి పోలేదు. నెలకు ఏడెనిమిది వందలు మిగిల్చడానికి ఒక మనిషిని రోజూ రెండుసార్లు బాధపెట్టే తగ్గింపు ఎక్కువ కాలం నిలవదని నా అనుభవం. ఆదివారం మటన్ కూడా తిరిగి వచ్చింది.

బయటి తిండి 8,600 నుంచి 3,200కు దిగింది. వారానికి ఒక ఆర్డరు ఉంచాం. బుధవారం, శనివారం రాత్రి టిఫిన్ ఆయన బాధ్యత: దోసెలో, ఉప్మానో, ఏది వస్తే అది. పిండి రుబ్బే పని లేకుండా దోసె పిండి ప్యాకెట్ కొనడానికి నేను అభ్యంతరం చెప్పలేదు, ఎందుకంటే ఆ ప్యాకెట్ కొనకపోతే దాని స్థానంలో వచ్చేది నాలుగు వందల రూపాయల ఆర్డరు.

సరుకుల్లో మాకు కనిపించిన రంధ్రం పది నిమిషాల్లో ఇంటికి తెచ్చే యాప్. ఆవిడ తన ఫోన్‌లో ఆగస్టు నెల ఆర్డర్లు ఒక్కొక్కటిగా తెరిచి చదివారు. మొత్తం 31 ఉన్నాయి. వాటిలో ఒకటి కొత్తిమీర కట్ట కోసం తెరిచింది. చివరికి అందులో కొత్తిమీర, చిప్స్ ప్యాకెట్, రెండు ఐస్‌క్రీములు, డెలివరీ ఖర్చు కలిసి 286 రూపాయలయ్యాయి. కొత్తిమీర వరకే అయితే పదిహేను రూపాయలు. ధర ఎక్కువగా ఉండడం కన్నా, రోజుకొకసారి దుకాణం తెరిచి చూడడమే ఇక్కడి సమస్య. యాప్ ఫోన్‌లోంచి తీసేయమని నేను అనలేదు. అత్తగారి మందులు ఒక్కోసారి అందులోంచే వస్తాయి. నెల సరుకులు చీటీ రాసి ఒకేసారి హోల్‌సేల్ కిరాణాలో తెచ్చుకోవడం, ఆదివారం పొద్దున కూకట్‌పల్లి రైతుబజారుకు ఆయన, పెద్దమ్మాయి కలిసి వెళ్లడం మొదలైంది. నెలకు 2,800 తగ్గింది. పెద్దమ్మాయి బేరం బాగా ఆడుతుందని ఆయన గర్వంగా చెప్పారు.

రాకపోకల్లో తగ్గింపు మా తెలివి కాదు. ఆవిడ పాఠశాలకు వారంలో మూడు నాలుగు రోజులు యాప్ ఆటోలో వెళ్లేవారు. 2023 డిసెంబరు 9న తెలంగాణ ప్రభుత్వం మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలుపెట్టడంతో, ఇంటి నుంచి నిజాంపేట క్రాస్‌రోడ్స్ వరకు షేర్ ఆటో, అక్కడి నుంచి మూసాపేటకు బస్సు అన్న ఏర్పాటుకు మారారు. నెలకు 2,300 మిగిలింది. దానికి బదులుగా ఆవిడ ఇరవై ఐదు నిమిషాలు ముందు బయలుదేరాలి, రద్దీలో నిలబడాలి. ఒంట్లో బాగాలేని రోజు ఆటో ఎక్కమని, ఆ ఖర్చుకు నాకు లెక్క చెప్పనక్కరలేదని అన్నాను. వాడని ఓటీటీలు, అవసరానికి మించిన ఫోన్ ప్లాన్ల నుంచి మరో 900 వచ్చింది. మొత్తం 11,400. జనవరి నుంచి అసలుకు అదనంగా కట్టే మొత్తాన్ని 11,000 చేశాం.

మార్చిన రేటుతో, 33,62,000 రూపాయల అసలు మీద, ఈఎంఐ ఒక్కటే కడితే 271 నెలలు. దానికి 9,000 కలిపితే 146. 11,000 కలిపితే 133. మొదటి తొమ్మిది వేలు పదేళ్లకు పైగా కాలాన్ని కోసేస్తే, తరువాతి రెండు వేలు ఒక్క ఏడాదిని మాత్రమే తగ్గించాయి. 18,000 లక్ష్యం కోసం ఆ ఇంటిని అంతగా నలిపి ఉండాల్సిన అవసరం లేదని ఈ అంకెలు ముందే చెబుతున్నాయి, నేను చూడలేదు.

ఇంకొక నియమం పెట్టాం. జీతాలు 1వ తేదీన పడతాయి, అదనపు మొత్తం 3వ తేదీన లోన్ ఖాతాకు వెళ్లిపోవాలి. నెలాఖరున మిగిలింది కడదామనుకుంటే మిగిలేది ఉండదు.

లోన్ ఖాతాలో జరిగింది

నవంబరు చివర స్టేట్‌మెంట్ తెప్పించి చూస్తే, రెండు నెలలు కట్టిన 18,000 అసలులోంచి తగ్గలేదు. ముందస్తు ఈఎంఐ అన్న పేరుతో పక్కన నిలిచి ఉంది, దాని మీద పైసా వడ్డీ ఆదా లేదు. యాప్‌లో డబ్బు కట్టేటప్పుడు అసలుకు పాక్షిక చెల్లింపు అన్న వరుస ఎంచుకోకపోతే ఆ బ్యాంకులో అలా జరుగుతుందట. ఆయన బ్రాంచికి వెళ్లి, ఆ రెండు మొత్తాలనూ కట్టిన తేదీల నుంచే అసలుకు జమచేయాలని, గడువు తగ్గించాలని, ఈఎంఐ మార్చవద్దని లేఖ ఇచ్చి, ముద్రవేసిన నకలు తెచ్చుకున్నారు. పన్నెండు రోజుల్లో సరిచేశారు. అప్పటి నుంచి మూడు నెలలకొకసారి స్టేట్‌మెంట్‌లో అసలు వరుసను నాకు ఫొటో తీసి పంపుతున్నారు. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ (మారుతూ ఉండే వడ్డీ) గృహరుణాల మీద ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయరాదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది కాబట్టి ఆ విషయంలో చిక్కు రాలేదు.

2024 ఏప్రిల్‌లో చీటీ ముగిసి 95,000 చేతికి వచ్చింది. ఆయన ఆ డబ్బంతా లోన్‌కు కట్టేద్దామన్నారు, నేను వద్దన్నాను. అప్పటికి వారి దగ్గర అత్యవసర నిధి అంటూ ఏమీ లేదు, లోన్‌లో వేసిన డబ్బు అవసరమొచ్చినప్పుడు తిరిగి రాదు. దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, చీటీకి పోయే 5,000ను రికరింగ్ డిపాజిట్‌కు మళ్లించాం. మరుసటి నెలలోనే దాని అవసరం పడింది. వేసవి సెలవుల పేరుతో పాఠశాల ఆవిడకు మే జీతం సగమే ఇచ్చింది. నవంబరులో అత్తగారు ఆసుపత్రిలో చేరితే బీమా పోను 38,000 చేతి నుంచి పెట్టవలసి వచ్చింది. రెండుసార్లూ 3వ తేదీ చెల్లింపు ఆగలేదు. మధ్యలో ఒకసారి ఆయన టర్మ్ జీవిత బీమా పాలసీ మానేసి ఆ ప్రీమియం కూడా అసలుకు కడతానన్నారు. లోన్ ఆయన పేరు మీద ఉన్నంతకాలం ఆ మాట నా దగ్గర ఎత్తవద్దన్నాను. పీఎఫ్ లోంచి తీసి కడతానన్న ఆలోచననూ పక్కన పెట్టించాను.

ఇప్పటి స్థితి

2024, 2025 దసరా బోనస్‌లలో 25,000 చొప్పున అసలుకు వెళ్లాయి, మిగతాది బట్టలకు, ఊరి ప్రయాణానికి. 2025 ఏప్రిల్‌లో ఇద్దరికీ జీతాలు పెరిగినప్పుడు పెంపులో సుమారు సగం కలిపి అదనపు చెల్లింపును 15,000 చేశాం. ఆ ఏడాది రిజర్వ్ బ్యాంకు రెపోను 6.5 నుంచి విడతలుగా 5.25 శాతానికి తగ్గించింది. రేటు మారిన ప్రతిసారీ ఈఎంఐ తగ్గిస్తామన్న సందేశం వచ్చింది. ఇప్పుడు ఆయన సందేశాలు తెరిచి చదువుతున్నారు, ప్రతిసారీ పాత ఈఎంఐనే ఉంచమని జవాబిచ్చారు.

2026 జనవరిలో వడ్డీ 7.60 శాతం, మిగిలిన అసలు 28,18,000. ఆ నెల వారు కట్టిన 43,709 రూపాయల్లో వడ్డీ 17,847 పోను అసలుకు 25,862 చేరింది. రెండున్నరేళ్ల కిందట అదే గడిలో 2,030 ఉండేది. రేటు ఇలాగే ఉంటే 2032 డిసెంబరుతో అప్పు తీరుతుంది, అప్పటికి ఆయనకు 45 నిండి ఉంటాయి.

అయితే ఆ తేదీని నేను ఖాయం చేయలేదు. పెద్దమ్మాయి 2028 జూన్‌లో ఇంటర్‌లో చేరుతుంది. నగరంలో కాలేజీ ఫీజులు ఎలా ఉన్నాయో ఆవిడకు నాకన్నా బాగా తెలుసు. పోయిన నెల కూర్చున్నప్పుడు, ఆ రెండేళ్లూ అదనపు చెల్లింపును 15,000 నుంచి 7,000కు తగ్గించి, మిగతా ఎనిమిది వేలు ఫీజుకు వాడుకోవాలని ఆవిడ ప్రతిపాదించారు. లెక్క వేసి చూస్తే ముగింపు తేదీ 2033 మే నెలకు జరుగుతుంది. ఆయన కాసేపు గులిగి ఒప్పుకున్నారు. పట్టికలో 2028 జూన్ నుంచి 2030 మే వరకు గడులను ఆవిడే తన చేత్తో 7,000గా దిద్దారు.